రెండు పద్నాలుగుల నడుమ పత్తి రైతు

అది 2025 అక్టోబరు. పత్తి తీతలు మొదలయ్యాయి. మార్కెట్ యార్డులో వ్యాపారి బస్తా విప్పించాడు. లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీసి, వేళ్ల మధ్య నలిపి, తేమ ఎక్కువుందని పెదవి విరిచి ఒక ధర చెప్పాడు. ఆ ఏడాదికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710. వ్యాపారి చెప్పింది ఈ రెంటికీ చాలా దిగువ.

"అదేంటి సేటూ, ఎనిమిది వేల పైచిలుకు అన్నారుగా?"

"అన్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లు పెద్దాయనా. విదేశీ దూది సుంకం లేకుండా రేవులో దిగుతోంది. మిల్లులవాళ్లు నీ పత్తికోసం కాచుకు కూచున్నారా?"

"సుంకం తీసేసిందెవరు?"

"ఢిల్లీవాళ్లు. అమెరికావాడు మన బట్టల మీద పన్నేశాడుగా, అందుకని."

"అమెరికావాడు బట్టల మీద పన్నేస్తే నా పత్తి ధర పడాలా? వాడికి నేనేమన్నా ఓటేశానా?"

ఈ మాటలు ఫలానా యార్డులో, ఫలానా రైతు అన్నవి అనుకోనక్కర్లేదు. ఆదిలాబాదు నుంచి ఆదోని దాకా పత్తి పండే ఏ ఊళ్లో నలుగురు కూచున్నా ఈ మాటే. చివర్లో ఆ కౌలు రైతు అడిగిన ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. తన పంట ధరని తేల్చేది ఎవరు? ఓటు వేయించుకుని వెళ్లినవాళ్లా? ఓటుతో పనిలేనివాళ్లా? పాతికేళ్లకు పైగా రైతాంగాన్ని వేధిస్తున్న ప్రశ్న ఇదే. దీని చుట్టూ కమ్ముకున్న పొగని కాస్త తొలగించి చూద్దాం.

రాత్రికి రాత్రి పోయిన సుంకం

2021 ఫిబ్రవరి బడ్జెట్టులో కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తి మీద దిగుమతి సుంకం వేసింది. సెస్సులూ సర్ చార్జీలూ అన్నీ కలిపితే 11 శాతం. రైతు మేలుకోసమే వేశామన్నారు. మరుసటేడు, 2022లో పత్తి ధర క్వింటాలుకు పదివేలు దాటింది. అప్పులు తీర్చుకోడానికి రైతుకి ఎన్నాళ్లకో దొరికిన అవకాశం అది. మిల్లు యజమానులు గోల పెట్టారు. ఏప్రిల్ 14 నుంచి సుంకం ఎత్తేశారు.

2025లో కథ ఇంకో దారిన వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 7న అమెరికా మన సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం అమల్లో పెట్టింది. రష్యా చమురు కొంటున్నామన్న నెపంతో ఆగస్టు 27 నుంచి దాన్ని 50 శాతం చేసింది. తిరుప్పూరు లాంటి చోట్ల ఎగుమతి బట్టలు కుట్టే పరిశ్రమ అల్లాడిపోయింది. ఆగస్టు 15న ఎర్రకోట మీదినుంచి మాట్లాడిన ప్రధాని, రైతుల ప్రయోజనాలకి హాని చేసే ఏ విధానానికైనా తాను గోడలా అడ్డు నిలుస్తానన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే, ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి సుంకం పోయింది. ముందు సెప్టెంబరు 30 వరకే అన్నారు. పది రోజులైనా కాకముందే గడువుని డిసెంబరు 31 దాకా జరిపారు.

ఈ తేదీలని రైతు కేలండరు పక్కన పెట్టి చూడండి. మన దగ్గర కొత్త పత్తి మార్కెట్టుకి వచ్చేది అక్టోబరు నుంచి. రైతులు ఎక్కువమంది సరుకు అమ్ముకునేది డిసెంబరు లోపే. విత్తనం, ఎరువు, పురుగుమందు బాకీలు వ్యాపారి పద్దులో నోరు తెరుచుకుని ఉంటాయి. పత్తి తీసిన ఆడకూలీలకి కిలోల లెక్కన ఆ వారంలోనే డబ్బు ఇవ్వాలి. నిలవ పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? సరిగ్గా ఆ నెలల్లోనే తలుపు బార్లా తీశారు. కాటన్ కార్పొరేషన్ సయితం తన దగ్గరున్న దూది ధరని వెంటనే తగ్గించుకుంది. దూది ధర పడితే పత్తి ధర పడకుండా ఉంటుందా?

ఇందులో ఇంకో విషయం ఉంది. ఆగస్టు 19న పార్లమెంటు వర్షాకాల సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. 21 దాకా జరిగాయి. అయినా పత్తి పండించే జిల్లాల సభ్యుల్ని ఒక్క మాట అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద ప్రజాప్రయోజనం పేరు చెప్పి సుంకాన్ని మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. ఒక నోటిఫికేషన్ ఇస్తే సరి. సుమారు 60 లక్షల పత్తి రైతు కుటుంబాల బతుకుని తాకే నిర్ణయానికి చర్చ లేదు, ఓటు లేదు.

మిల్లు కార్మికుడి సంగతేమిటి?

సుంకం తీసెయ్యడాన్ని సమర్థించేవాళ్లు చెప్పే మాట ఒకటుంది. దాన్ని కాదని పక్కన పారెయ్యలేం. మన బట్ట అమెరికాలో అమ్ముడుపోకపోతే మిల్లులు మూతపడతాయి, లక్షలమంది కార్మికులు రోడ్డున పడతారు, దూది చౌకగా దొరికితే వాళ్లు నిలదొక్కుకుంటారు అంటారు. కుట్టుమిషను ముందు కూచున్న ఆ కార్మికులెవరు? చాలామంది రైతుకూలీల పిల్లలే. వాళ్ల పని పోవాలని ఏ రైతూ కోరుకోడు. నూలు చౌకగా దొరకాలనే చేనేత కార్మికుడి కోరిక కూడా న్యాయమైందే.

కాని అమెరికా వేసిన భారాన్ని ఎవరు మొయ్యాలన్నది వేరే ప్రశ్న. ఖజానా మోసి మిల్లులకి వడ్డీ రాయితీ ఇవ్వొచ్చు. పని పోయిన కార్మికుడికి భృతి ఇవ్వొచ్చు. నూలు మీద చేనేతకి సబ్సిడీ పెంచొచ్చు. సుంకం తీసేస్తే ఆ లోటు పూడ్చడానికి కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్లని తేమ పేచీలు లేకుండా, పట్టా పుస్తకం లేని కౌలు రైతుకి కూడా అందేలా విస్తరించొచ్చు. ఇన్ని దారులుండగా పాలకులు ఎంచుకున్నది అన్నింటికన్నా తేలికైన దారి. అరిచే శక్తి లేనివాడి నెత్తిన బరువు పెట్టడం. యాజమాన్యాల సంఘాలకి ఢిల్లీలో ఆఫీసులున్నాయి. కౌలు రైతుకి కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రం గేటు దాటడానికే సెల్‌ఫోనులో "కపాస్ కిసాన్" యాప్ తెరిచి స్లాటు బుక్ చేసుకోవాల్సి వచ్చింది.

మరి పత్తి సుంకం తియ్యమని ప్రపంచ వాణిజ్య సంస్థ ఏమైనా హుకుం జారీ చేసిందా? లేదు. ఆ సంస్థ లెక్కల్లో పత్తి మీద మనం వేసుకోడానికి ఒప్పుకున్న గరిష్ఠ సుంకం 11 శాతం కన్నా ఎంతో ఎక్కువ. అంటే చేతులు కట్టేసింది జెనీవా కాదు. మన పాలకులే తమ చేతులు కట్టుకున్నారు.

ఇది మొదటిసారీ కాదు. వేరుశనగ పండించే అనంతపురం రైతుని అడగండి. 1986లో నూనెగింజల మిషన్ పెట్టి, ఎనిమిదేళ్లు తిరిగేసరికి వంటనూనెల్లో దాదాపు స్వయంపోషకత్వం సాధించింది మన దేశం. 1994లో పామాయిలు దిగుమతికి తలుపు తీశారు. మొదట సుంకం 65 శాతం. 1998 నాటికి అది 15 శాతానికి దిగింది. పామాయిలు మీద ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర మనకున్న పరిమితి ఎంత? 300 శాతం. మూడొందల దాకా వెయ్యొచ్చని హక్కు రాయించుకుని, పదిహేనుకి దించుకున్నాం. ఇప్పుడు మన వంటనూనెలో సగానికి పైగా ఓడల మీదే వస్తోంది. ఇండోనేషియా 2022 ఏప్రిల్ చివర్లో ఎగుమతులు ఆపేస్తే ఇక్కడ గృహిణి మూకుడు ముందు బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఇటు రైతూ నష్టపోయాడు, అటు వినియోగదారూ పరాధీనమయ్యాడు.

సంతకం పెట్టే చెయ్యి, సేద్యం చేసే చెయ్యి

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో అధికారాల పంపకం ఉంది. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. కేంద్ర జాబితాలో కూడా ఒక 14వ అంశం ఉంది. అది విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలు చెయ్యడం. అంకె ఒకటి కావడం కాకతాళీయమే. కాని ఇవాళ రైతు నలిగిపోతున్నది ఈ రెండు పద్నాలుగుల నడుమే.

వ్యవసాయం రాష్ట్రానిదే. కరువొస్తే రాష్ట్రాన్నే అడుగుతాం. రైతు ఉరేసుకుంటే ఎమ్మెల్యే ఇంటికొస్తాడు. కాని ఆ వ్యవసాయాన్నే విదేశీ ఒప్పందంలో పెట్టి ఢిల్లీ సంతకం చేస్తే, 253వ అధికరణం కింద దాని అమలుకి పార్లమెంటు ఏ అంశం మీదైనా చట్టం చెయ్యొచ్చు, అది రాష్ట్ర జాబితాలో ఉన్నా సరే. పోనీ, ఆ సంతకానికి ముందు పార్లమెంటు ఆమోదం కావాలా? అక్కర్లేదు. మన దేశంలో ఒప్పందాలు చేసుకోవడం మంత్రివర్గం పని. సభలో చర్చ పెడితే పెట్టొచ్చు, మానితే మానొచ్చు.

డంకెల్ ముసాయిదా రోజులు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. 1991 డిసెంబరులో గాట్ డైరెక్టర్ జనరల్ ఆర్థర్ డంకెల్ ఆ చిత్తుప్రతి బల్ల మీద పెట్టాడు. పుచ్చుకుంటే మొత్తం పుచ్చుకోవాలి, కొంత తీసుకుని కొంత వదలడం కుదరదన్నారు. దేశమంతా రైతు సంఘాలు వ్యతిరేకించాయి. అయినా 1994 ఏప్రిల్ 15న మొరాకో దేశంలోని మరకేష్‌లో మన వాణిజ్య మంత్రి సంతకం చేశారు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. సభలో వాదోపవాదాలు జరిగాయి గాని, ఒప్పందాన్ని ఆమోదించాలా తిరస్కరించాలా అని ఓటు పెట్టలేదు.

అదే ఒప్పందాన్ని అమెరికా ఏం చేసింది? 1994 చివర్లో వాళ్ల కాంగ్రెసు ముందు చట్టంగా పెట్టి ఓటింగు జరిపింది. ఆ చట్టంలోనే ఒక మాట రాసుకుంది: ఒప్పందంలోని ఏ నిబంధన అయినా అమెరికా చట్టానికి విరుద్ధంగా ఉంటే అది చెల్లదు అని. తన పార్లమెంటు మాటే చివరి మాట అని అమెరికా చట్టం చేసుకుంది. మనం సంతకం చేసి, చట్టాల్ని దానికి తగ్గట్టు మార్చుకుంటూ వచ్చాం. రాజ్యాంగం పనితీరుని సమీక్షించిన జాతీయ కమిషన్ 2002లో తన నివేదికలో, ఒప్పందాలు చేసుకునే అధికారాన్ని నియంత్రిస్తూ పార్లమెంటు ఒక చట్టం తేవాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు బీరువాలోనే ఉండిపోయింది.

సంతకం ఫలితం అయిదేళ్లకే తెలిసొచ్చింది. విదేశీ మారకం ఇబ్బందుల కారణంగా మనం దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు పెట్టుకునేవాళ్లం. 1997లో అమెరికా జెనీవాలో కేసు వేసింది. మీ దగ్గర డాలర్లు చాలినన్ని ఉన్నాయి, ఆంక్షలెందుకు అని వాదన. ఉన్నాయా లేదా అని అంతర్జాతీయ ద్రవ్యనిధి అభిప్రాయం అడిగారు. 1999లో తీర్పు మనకి వ్యతిరేకంగా వచ్చింది. 2000 ఏప్రిల్ 1న 714 సరుకుల మీద, మరుసటేడు అదే తేదీన 715 సరుకుల మీద ఆంక్షలు తొలగించారు. మన ఖజానాలో డబ్బు చాలుతుందో లేదో తేల్చే పని మన పార్లమెంటు చేతిలోంచి జారిపోయింది.

జెనీవా కాటా

మార్కెట్ యార్డులో కాటా మోసం రైతుకి తెలిసిందే. కాటా కింద రాయి పెడతారు, తరుగు తీస్తారు. జెనీవాలో ఉన్న కాటా సంగతి చాలామందికి తెలియదు. దాని పేరు మద్దతు ధర లెక్క.

ఒక పంటకి ఇచ్చే ధర మద్దతు, ఆ పంట మొత్తం విలువలో 10 శాతం దాటకూడదని మనలాంటి దేశాలకి నియమం. వినడానికి సబబుగానే ఉంది. మతలబంతా ఆ మద్దతుని కొలిచే పద్ధతిలో ఉంది. ఈనాటి మద్దతు ధరని పోల్చేది ఈనాటి ప్రపంచ ధరతో కాదు, 1986–88 నాటి ధరతో. ఆ తేడాని కొన్న సరుకుతో హెచ్చించాలా, పండిన సరుకంతటితో హెచ్చించాలా అన్నది రెండో పేచీ.

లెక్క తెలియడానికి ఒక ఊహ చేద్దాం. ఏదో ఒక పంటకి ఆ పాత ధర క్వింటాలు 500 రూపాయలు అనుకోండి. ఇవాళ మద్దతు ధర 5,000. తేడా 4,500. పండింది వంద క్వింటాళ్లు. మొత్తం పంట విలువ అయిదు లక్షలు. అందులో ప్రభుత్వం కొన్నది పది క్వింటాళ్లే. కొన్న పదింటికి లెక్క కడితే మద్దతు 45 వేలు, అంటే 9 శాతం. గీత దాటలేదు. పండిన వందకీ లెక్క కడితే మద్దతు నాలుగున్నర లక్షలు, అంటే 90 శాతం. నేరస్థులం! పొలం అదే, పంట అదే, రైతుకి దక్కింది అదే. మారింది కాటా ఒక్కటే. దాదాపు నలభై ఏళ్లలో డీజిలు, ఎరువు, కూలి రేట్లు ఎంత పెరిగాయన్నది రెండు లెక్కల్లోనూ సరిగ్గా పట్టదు.

2018 నవంబరులో అమెరికా సరిగ్గా మన పత్తి మీదే ఈ రెండో కాటా పట్టుకొచ్చింది. భారతదేశం పత్తికిస్తున్న మద్దతు పరిమితిని ఎన్నో రెట్లు మించిపోయిందని వ్యవసాయ కమిటీలో ఎదురు లెక్క దాఖలు చేసింది. వరి, గోధుమల విషయంలో మనకి కొంత రక్షణ ఉంది. 2013లో బాలి సమావేశంలో కుదిరిన "శాంతి నిబంధన" ప్రకారం ఆహార భద్రతకోసం నిలవచేసే ధాన్యాల మీద కేసు పెట్టకూడదు. పత్తి తిండి గింజ కాదు. ఆ గొడుగు కిందికి పత్తి రైతు రాడు.

చెరకు రైతుదీ అదే గతి. ఆస్ట్రేలియా, బ్రెజిల్, గ్వాటెమాలా వేసిన కేసులో 2021 డిసెంబరు 14న జెనీవా ప్యానెల్ తీర్పిచ్చింది. మన చెరకు గిట్టుబాటు ధర కూడా నిషిద్ధ మద్దతే అంది. ఆ ధర చెల్లించేది ప్రభుత్వం కాదు, చక్కెర ఫ్యాక్టరీలు. అది కూడా బకాయిలు పెట్టి పెట్టి! ఖజానానుంచి పైసా కదలని ధరని సబ్సిడీ కింద జమకట్టారు. మన ప్రభుత్వం అప్పీలు చేసింది. ఆ అప్పీలు వినే నాథుడు లేడు. ఎందుకో తర్వాత చూద్దాం.

దోషి డబ్బు కట్టి బయటపడ్డాడు

మన పత్తికి తప్పు పట్టిన అమెరికా తన పత్తికేం చేసింది? ఆక్స్‌ఫామ్ సంస్థ 2002లో వేసిన లెక్క ప్రకారం, 2001–02లో సుమారు 25 వేలమంది అమెరికా పత్తి రైతులకి అందిన సబ్సిడీ 390 కోట్ల డాలర్లు. పత్తి మీద బతికే బుర్కినా ఫాసో దేశపు మొత్తం జాతీయాదాయం కన్నా ఎక్కువ! ఆ సబ్సిడీతో అమెరికా పత్తి ప్రపంచ మార్కెట్టులో చౌకగా కుమ్మరించారు. ఆఫ్రికాలో, మన దగ్గర, అంతటా ధర పడింది. మన వరంగల్లు, గుంటూరు పత్తి పొలాల్లో పురుగుమందు డబ్బాలు ఎత్తిన ఆ చీకటి ఏళ్లు మర్చిపోగలమా? కల్తీ మందులు, పురుగు, ప్రైవేటు అప్పు అన్నీ కారణాలే. ప్రపంచ ధర పడిపోవడం వాటి పక్కన నిలిచింది.

2002లో బ్రెజిల్ కేసు వేసింది. 2004లో ప్యానెల్, 2005లో అప్పీలు సంస్థ అమెరికాని తప్పు పట్టాయి. అమెరికా కొన్ని పథకాలు మార్చింది, ముఖ్యమైనవి మార్చలేదు. అమెరికా సరుకుల మీద, పేటెంట్ల మీద ప్రతీకారం తీసుకోడానికి బ్రెజిల్‌కి అనుమతి వచ్చింది. అప్పుడు 2010లో అమెరికా ఏం చేసిందో తెలుసా? సబ్సిడీ ఆపలేదు. బ్రెజిల్ పత్తి రైతుల నిధికి ఏటా 14 కోట్ల 73 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంటే తన రైతులకి సబ్సిడీ ఇచ్చుకునే హక్కుకోసం పరాయి దేశపు రైతులకి కూడా డబ్బిచ్చింది! 2014లో మరో 30 కోట్ల డాలర్లిచ్చి కేసు ముగించుకుంది. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు 2003 నుంచి ఇదే న్యాయం అడుగుతున్నాయి. ప్రతీకారం తీర్చుకునే సత్తా వాళ్లకి లేదు. అందుకని వాళ్లకి పైసా రాలేదు.

తీర్పులు తనకి ఎదురు తగిలేసరికి అమెరికా మరో పని చేసింది. అప్పీలు సంస్థకి కొత్త న్యాయమూర్తుల నియామకాన్ని అడ్డుకుంటూ పోయింది. 2019 డిసెంబరుకి ఆ సంస్థ కోరం లేక మూలపడింది. మన చెరకు అప్పీలు గాల్లో వేలాడుతున్నది అందుకే. 2025లో మన సరుకుల మీద వేసిన 50 శాతం సుంకం ఏ జెనీవా నియమానికీ లోబడి వేసింది కాదు.

కనుక "ప్రపంచ నియమాలున్నాయి, ఏం చెయ్యలేం" అని మన మంత్రులు అంటుంటే రైతు నమ్మనక్కర్లేదు. బలవంతుడికి అది సలహా, బలహీనుడికి శాసనం. ఆ శాసనంలో సైతం మనం వాడుకోని సందులు ఎన్నో ఉన్నాయి.

హైదరాబాదు ఒకసారి ఎదురు నిలిచింది

సందు వాడుకుంటే ఏమవుతుందో తెలుగునేల మీదే రుజువుంది. 2002లో బి.టి. పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. 450 గ్రాముల విత్తనం ప్యాకెట్టు 1,600 రూపాయల పైన పలికింది. అందులో 1,250 రూపాయలు మోన్‌శాంటో భాగస్వామ్యంలోని మహికో మోన్‌శాంటో బయోటెక్ కంపెనీ సాంకేతిక రుసుము కింద వసూలు చేసేది. విత్తన సంచిలో మూడొంతులకు మించి డబ్బు జన్యువు యజమానికే!

రైతు సంఘాలు ఊరూరా లేపిన ఆందోళన తర్వాత, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్ గడప తొక్కింది. మే నెలలో కమిషన్ ఆ రుసుము అన్యాయమని, తగ్గించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వెంటనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు ధర 750 రూపాయలకి మించరాదని ప్రకటించింది. కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. స్టే దొరకలేదు. మిగతా పత్తి రాష్ట్రాలు మన దారిన నడిచాయి. 2007లో శాసనసభ పత్తి విత్తనాల ధర నియంత్రణకి ప్రత్యేక చట్టమే చేసింది. చివరికి 2015 డిసెంబరులో కేంద్రం కూడా నిత్యావసర సరుకుల చట్టం కింద పత్తి విత్తనాల ధరల ఉత్తర్వు తెచ్చింది. మరుసటి మార్చిలో రుసుముని 163 రూపాయల నుంచి 49కి కోసింది. 2020కి అది పూర్తిగా పోయింది.

జరుగుతాయన్న ప్రళయాలేవీ జరగలేదు. పెట్టుబడులు పారిపోతాయన్నారు, విత్తనం దొరకదన్నారు. విత్తనం దొరికింది. గులాబీ రంగు పురుగు మళ్లీ తిరగబెట్టింది, నకిలీ విత్తనం ఇంకా పోలేదు. ధర నియంత్రణ వల్ల అన్నీ బాగుపడ్డాయని ఎవరూ అనరు. కాని ఒక రాష్ట్ర శాసనసభ, తన 14వ అంశాన్ని గట్టిగా పట్టుకుంటే, ప్రపంచంలోనే పెద్ద విత్తన కంపెనీని దిగొచ్చేలా చెయ్యగలదని తేలింది.

జెనీవాలోనూ అంతే. వరి, మొక్కజొన్న, జొన్న, పాలపొడి మీద ఒకప్పుడు మనం ఒప్పుకున్న గరిష్ఠ సుంకం సున్నా. పాత గాట్ రోజుల్లో రాసిచ్చిన కాగితం అది. దిగుమతి ఆంక్షలు పోతున్న సమయంలో దేశంలో గగ్గోలు లేచాక, 1999లో ప్రభుత్వం మళ్లీ బేరానికి కూచుంది. వరికి ఆ పరిమితిని 70–80 శాతానికి పెంచుకుంది. రాసిన సంతకాన్ని తిరగరాయొచ్చని అప్పుడు తెలిసింది. మూడు వ్యవసాయ చట్టాల్ని ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో చలిలో, ఎండలో కూచున్న రైతులు 2021 నవంబరులో రద్దు చేయించినప్పుడు మరోసారి తెలిసింది.

రైతు అడగాల్సింది

వ్యాపారం వద్దని పత్తి రైతు ఎన్నడూ అనలేదు. అతని పత్తి చైనాకీ బంగ్లాదేశ్‌కీ పోయిన ఏడు నాలుగు రాళ్లు ఎక్కువే కళ్లచూశాడు. అతను అడుగుతున్నది తలుపు మూసెయ్యమని కాదు. తలుపు గొళ్లెం ఎవరి చేతిలో ఉండాలన్నదే అతని ప్రశ్న.

ఆ గొళ్లెం ప్రజల చేతికి రావాలంటే అడగాల్సినవి మూడున్నాయి. మొదటిది: వ్యవసాయాన్ని తాకే ఏ విదేశీ ఒప్పందమైనా సంతకానికి ముందు పార్లమెంటులో ఓటుకి పెట్టాలి, రాష్ట్ర శాసనసభల అభిప్రాయం తీసుకోవాలి. 2002 నాటి సిఫారసుని బీరువాలోంచి తియ్యాలి. అమెరికా కాంగ్రెసుకున్న హక్కు మన పార్లమెంటుకి ఎందుకుండకూడదు? రెండోది: పంట చేతికొచ్చే నెలల్లో రాత్రికి రాత్రి సుంకం ఎత్తేసే అధికారానికి పగ్గం వెయ్యాలి. అత్యవసరమై తీసెయ్యాల్సి వస్తే, ఆ మేరకు రైతుకి పడే నష్టం ఖజానానుంచి భర్తీ చెయ్యాలి. మూడోది: మద్దతు ధర చట్టబద్ధం కావాలి, అది కౌలు రైతుకి కూడా చెందాలి. చట్టం లేని మద్దతు ధర గోడ మీద అంటించిన కాగితమే. దాన్ని చూపిస్తే వ్యాపారి నవ్వుతాడు.

ఈ మూడింటికీ జెనీవా అనుమతి అక్కర్లేదు. ఢిల్లీలో మెజారిటీ ఉంటే చాలు.

యార్డులో ఆ కౌలు రైతు చివరికేం చేశాడు? బస్తాలు వెనక్కి తీసుకుపోతే బండి కిరాయి రెట్టింపవుతుంది. అప్పిచ్చినవాడు ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. వ్యాపారి చెప్పిన ధరకే కాటా పెట్టించాడు. చీటీ జేబులో పెట్టుకుంటూ, "ఈసారి ఓటుకొచ్చినవాణ్ని ఈ సుంకం సంగతి అడుగుతా" అన్నాడు.

అడగాలి. ఒక్కడు అడిగితే వినపడదు. యార్డంతా అడగాలి.